"అనుకున్నాను" తర్వాత ఏ క్రియ? ఒక మెయిల్, పది వాక్యాలు, ఇటాలియన్ కొంజుంతీవొ ఇంపెర్ఫెత్తొ: కేస్ స్టడీ

కేసు

ఇక్కడ పరిశీలిస్తున్నది ఒక మెయిల్. తొరీనోలో అద్దెకుంటున్న తెలుగు విద్యార్థిని ఇంటి యజమానురాలికి రాసినట్టుగా, బీ2 స్థాయి (ఆరు మెట్ల యూరోపియన్ భాషా కొలమానంలో నాలుగో మెట్టు, బీ1 దానికి కింది మెట్టు) రాత పరీక్షకు సాధన కోసం తయారైంది. ఇది ఒక్కరి రాత కాదు. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ల రాతల్లో పదేపదే ఎదురయ్యే తప్పుల్ని పది వాక్యాల్లోకి చేర్చి, ఒక్కొక్కటీ ఎక్కడ పుట్టిందో, ఎలా సరిచేయాలో చూపడం ఉద్దేశం. ఆ తప్పులన్నీ కొంజుంతీవొ ఇంపెర్ఫెత్తొ చుట్టూ తిరిగేవే: కొంజుంతీవొ అంటే అభిప్రాయం, కోరిక, ఊహ లాంటివి చెప్పే క్రియారూపం, ఇంపెర్ఫెత్తొ దాని భూతకాల రూపాల్లో ఒకటి.

ఇటాలియన్ భాషా పరీక్షల్లో సియెనాలోని విదేశీయుల విశ్వవిద్యాలయపు చిల్స్ అయినా, పెరూజా వాళ్ల చెలి అయినా, దాంతె అలిగియేరి సంస్థ ప్లీద అయినా, బీ1 దాకా ఈ రూపం లేకుండా చాలావరకు నెట్టుకురావచ్చు. 2018 డిసెంబరు నుంచి ఇటలీ పౌరసత్వ దరఖాస్తుకు, కొన్ని మినహాయింపులతో, బీ1 సర్టిఫికెట్ కావాలి. కాబట్టి కాగితాల పని కోసం చదివేవాళ్లు బీ1తో ఆగిపోవచ్చు. బీ2కి వస్తే మాత్రం తప్పించుకోలేం. ఫిర్యాదు, విన్నపం, అభిప్రాయం, "ఇలా ఉండుంటే అలా జరిగేది" లాంటి ఊహ, ఏది రాయాలన్నా కొంజుంతీవొ ఇంపెర్ఫెత్తొ అడ్డొస్తుంది.

ఇటాలియన్ మాటల్ని తెలుగు లిపిలో రాసిన పద్ధతి గురించి ఒక మాట. చాలావరకు ఉచ్చారణలో అచ్చు సాగే చోటే దీర్ఘం పెట్టాం. త, ద పళ్లకు నాలుక తగిలే తెలుగు అక్షరాలే, ట, డ కావు. ద్విత్వం ఉన్నచోట ద్విత్వం పూర్తిగా పలకాలి. చ, జ ఎక్కడ ఉన్నా "చిన్న", "జీతం"లో లాగే పలకాలి.

మెయిల్, తప్పులతో సహా

1. పెన్సావొ కె ఇల్ రిస్కల్దమెంతొ ఎ ఇంక్లూసొ. (హీటింగ్ అద్దెలో కలిసే ఉందనుకున్నాను.)
2. క్రెదేవొ కె ఈయొ అవేవొ కపీతొ తుత్తొ. (నాకంతా అర్థమైందనుకున్నాను.)
3. చెర్కావొ ఊన కాస కె అవేవ దూయె కామెరె. (రెండు గదులున్న ఇల్లు కోసం వెతికాను.)
4. సె అవ్రెయ్ సపూతొ లె స్పేసె, నొన్ ఫిర్మావొ. (ఖర్చులు తెలిసుంటే సంతకం పెట్టేదాన్ని కాదు.)
5. వొర్రెయ్ కె లెయ్ మి రిస్పొంద. (మీరు నాకు జవాబిస్తే బాగుండు.)
6. ఇల్ విచీనొ మి పార్ల కోమె సె ఈయొ సోనొ ఊన బంబీన. (పక్కింటాయన నేనేదో చిన్నపిల్లనైనట్టు మాట్లాడతాడు.)
7. ఒ పగాతొ ప్రీమ కె ఫినీవ ఇల్ మేసె. (నెల అయిపోకముందే డబ్బు కట్టాను.)
8. సె మి దస్సె ల కోప్య దెల్ కొంత్రత్తొ, లె సరెయ్ గ్రాత. (ఒప్పందం కాపీ ఇస్తే మీకు రుణపడి ఉంటాను.)
9. స్పేరొ కె ఫొస్సె పొస్సీబిలె. సపేవొ కె ఇల్ కొంత్రత్తొ ఫొస్సె ది ఉన్ అన్నొ. (వీలవుతుందని ఆశిస్తున్నాను. ఒప్పందం ఏడాదికని నాకు తెలుసు.)
10. క్వలోర చి ఫొస్సెరొ ప్రొబ్లేమి, మి స్క్రీవ పూరె. (ఏమైనా ఇబ్బందులుంటే నాకు రాయండి.)

పదో వాక్యం మాత్రమే తప్పు లేనిది. రోగనిర్ణయానికి అదే పెద్ద ఆధారం. "ఫొస్సెరొ" అనే కష్టమైన రూపం సరిగ్గా పడిందంటే రూపాలు తెలియక కాదు. "క్వలోర చి ఫొస్సెరొ" మర్యాద మెయిళ్లలో అచ్చులా తిరిగే వాక్యఖండం, దాన్ని ఉన్నపళంగా కంఠస్థం చేశారు. తొమ్మిదిలో అదే "ఫొస్సె" అక్కర్లేని చోట రెండుసార్లు దూరింది. రూపం చేతిలో ఉంది, ఎప్పుడు వాడాలన్నది లేదు. ఇలాంటి రాత వచ్చినప్పుడు మళ్లీ క్రియాపట్టికలు రాయించడం దండగ. ఎనిమిదో వాక్యంలోని "దస్సె" ఒక్కటే పట్టిక తప్పు.

ముందు ఆ పట్టిక సంగతి తేల్చేద్దాం

రూపనిర్మాణం ఇటాలియన్‌లో ఇంత తేలికగా ఇంకెక్కడా లేదనిపిస్తుంది. మామూలు ఇంపెర్ఫెత్తొలో (భూతకాలంలో సాగుతున్న పని, అలవాటు చెప్పే రూపం) "నేను" రూపం తీసుకోండి: పర్లావొ, క్రెదేవొ, దొర్మీవొ. చివరి "వొ" తీసేసి "స్సి" పెట్టండి: పర్లస్సి, క్రెదెస్సి, దొర్మిస్సి. ఆరుగురికీ (నేను, నువ్వు, అతను లేదా ఆమె, మేము, మీరంతా, వాళ్లు) ప్రత్యయాలు వరసగా స్సి, స్సి, స్సె, స్సిమొ, స్తె, స్సెరొ. పర్లారె మొత్తం: పర్లస్సి, పర్లస్సి, పర్లస్సె, పర్లస్సిమొ, పర్లస్తె, పర్లస్సెరొ.

వర్తమానంలో వంకర్లు పోయే క్రియలు కూడా ఇక్కడ బుద్ధిగా ఉంటాయి. ఫారె: ఫచేవొ, ఫచెస్సి. దీరె: దిచేవొ, దిచెస్సి. బేరె: బెవేవొ, బెవెస్సి. పొర్రె: పొనేవొ, పొనెస్సి. త్రదుర్రె: త్రదుచేవొ, త్రదుచెస్సి. ఈ సూత్రానికి లొంగనివి మూడే: ఎస్సెరె (ఏరొ, కానీ ఫొస్సి), దారె (దావొ, కానీ దెస్సి), స్తారె (స్తావొ, కానీ స్తెస్సి). ఎనిమిదో వాక్యంలో సూత్రాన్ని నిజాయితీగా పాటించి "దావ" నుంచి "దస్సె" చేశారు. సరైనది "దెస్సె". "స్తస్సి" కూడా ఇదే కోవ తప్పు, ఇటాలియన్ పిల్లలూ చేస్తారు. రెస్తారె (ఉండిపోవడం) మాత్రం స్తారె కుటుంబం కాదు. దానికి మామూలుగానే "రెస్తస్సి".

పస్సాతొ రెమోతొ (ఎప్పుడో ముగిసిపోయిన పని చెప్పే భూతకాలం) వచ్చినవాళ్లకు ఇంకా గట్టి సూత్రం ఉంది, దానికి మినహాయింపే లేదు. "నువ్వు" రూపంలో చివరి "స్తి" తీసి "స్సి" పెట్టాలి: ఫొస్తి, ఫొస్సి. దెస్తి, దెస్సి. స్తెస్తి, స్తెస్సి. ఫచెస్తి, ఫచెస్సి. ఇది కాకతాళీయం కాదు. ఈ రూపం పేరుకే ఇంపెర్ఫెత్తొ. లాటిన్‌లోని అసలు ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్ (కంతారెం) ఇటాలియన్‌కు రాలేదు. వచ్చింది దాని పక్కనున్న ప్లూపర్ఫెక్ట్: కంతావిస్సెం కుదించుకుపోయి కంతస్సెం అయి, కంతస్సిగా మిగిలింది. ఫుయిస్సెం నుంచి ఫొస్సి, దెదిస్సెం నుంచి దెస్సి. ఆ జంట స, దెస్సిలో కనిపించే ఎ, రెండూ అక్కడివే. "మీరంతా" రూపం (పర్లస్తె, ఫొస్తె, దెస్తె) పస్సాతొ రెమోతొతో అక్షరం తేడా లేకుండా కలిసిపోవడం కూడా అందుకే.

పలకడంలో చూసుకోవాల్సింది ఊనిక. పర్లస్సిమొ, పర్లస్సెరొ రెండింటిలోనూ "లస్" మీద బలం పడాలి. ఇటాలియన్‌లో ఎక్కువ మాటలకు చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక కాబట్టి "పర్లస్సీమొ" అని సాగదీస్తుంటారు. వింటే పొరపాటని తెలిసిపోతుంది. ద్విత్వం విషయంలో తెలుగువాళ్లకు ఇబ్బంది లేదు. అజంత భాష అని తెలుగుకు "ప్రాచ్య ఇటాలియన్" అనే పేరు తగిలించారు కదా, ఆ పోలిక పనికొచ్చేది ఈ పలుకుబడి దాకానే. వాక్యంలోకి దిగితే రెండు భాషల దారులు వేరు.

ఒకటో వాక్యం: అసలు జబ్బు ఇక్కడుంది

"హీటింగ్ కలిసే ఉందనుకున్నాను." తెలుగులో "అని" ముందున్న వాక్యం మనసులో పుట్టిన మాట, ఉన్నది ఉన్నట్టుగా. అనుకున్నది నిన్నో, పోయినేడో, అయినా లోపల "ఉంది" అనే ఉంటుంది. ప్రధాన క్రియ భూతకాలంలోకి పోయినంత మాత్రాన లోపలి క్రియ కదలదు. ఆ అలవాటుతోనే "పెన్సావొ కె... ఎ ఇంక్లూసొ" వచ్చింది. లోపల వర్తమానం, బయట భూతం.

ఇటాలియన్‌లో లోపలి క్రియ బయటి క్రియ మాట వింటుంది, రెండు విషయాల్లో. ఒకటి, "పెన్సారె" అభిప్రాయం చెప్పే క్రియ కాబట్టి లోపల కొంజుంతీవొ కావాలి. రెండు, "పెన్సావొ" భూతకాలం కాబట్టి లోపలిది కూడా వెనక్కి జరగాలి. అందుకే "పెన్సావొ కె ఇల్ రిస్కల్దమెంతొ ఫొస్సె ఇంక్లూసొ".

పుస్తకాల్లో దీన్ని పెద్ద పట్టికగా ఇస్తారు. తెలుగువాళ్లకు ఆ పట్టిక అక్కర్లేదని మా గట్టి అభిప్రాయం. "అని" ముందున్న తెలుగు క్రియ ఏ కాలంలో ఉందో, అదే లెక్క చెప్పేస్తుంది. బయట "అనుకున్నాను" ఉన్నప్పుడు:

వస్తున్నాడనుకున్నాను: పెన్సావొ కె వెనిస్సె. (లోపల వర్తమానం, కొంజుంతీవొ ఇంపెర్ఫెత్తొ)
వచ్చాడనుకున్నాను: పెన్సావొ కె ఫొస్సె వెనూతొ. (లోపల భూతం, కొంజుంతీవొ త్రపస్సాతొ, అంటే ఇంకో అడుగు వెనకటి భూతం)
వస్తాడనుకున్నాను: పెన్సావొ కె సరెబ్బె వెనూతొ. (లోపల భవిష్యత్తు, కొందిత్సియొనాలె పస్సాతొ, అంటే షరతు రూపపు భూతకాలం)

బయట "అనుకుంటున్నాను" అయితే అవే మూడు వరసగా "పెన్సొ కె స్తీయ వెనెందొ", "పెన్సొ కె సీయ వెనూతొ", "పెన్సొ కె వెర్రా" అవుతాయి.

ఈ మూడు వాక్యాల్లో తెలుగు చేస్తున్న పని చిన్నది కాదు. ఇంగ్లిష్ మీదుగా ఆలోచిస్తే "వస్తున్నాడనుకున్నాను"లో లోపలి కాలం ముందే మారిపోయి, ఇది అప్పటి సంగతా అంతకు ముందుదా అన్నది మసకబారుతుంది. తెలుగు ఆ తేడాను చెక్కుచెదరకుండా ఉంచుతుంది. "తెలుగులో ఆలోచించొద్దు, అందుకే తప్పులు" అని విద్యార్థుల్ని అదిలించడం ఈ ఒక్క విషయంలో పూర్తిగా తప్పు సలహా. తెలుగు వాక్యం కాగితం మీద రాయించాలి, "అని" ముందున్న క్రియ కింద గీత గీయించాలి, బయటి క్రియను చూసి పైమూడింట్లో ఒకటి ఎంచుకోమనాలి. తప్పు ఎక్కడొస్తుందంటే, తెలుగు లోపలి కాలాన్ని కొలతగా వాడకుండా నేరుగా ఇటాలియన్‌లో దించేసినప్పుడు.

అన్ని బయటి క్రియలూ కొంజుంతీవొ అడగవు. తొమ్మిదో వాక్యంలో రెండో సగం "సపేవొ కె... ఫొస్సె" అక్కడే పడింది. తెలియడం, చూడడం, గుర్తుండడం, చెప్పడం, ఖాయం అనుకోవడం, ఇవి నిశ్చయాన్ని చెప్పే క్రియలు. వీటికి "సపేవొ కె ఇల్ కొంత్రత్తొ ఏర ది ఉన్ అన్నొ". అనుకోవడం, నమ్మడం, అనుమానం, భయం, ఆశ, కోరిక, "అనిపించింది" (సెంబ్రావ) ఇవి కొంజుంతీవొ వైపు. "నొన్ సపేవొ కె" అని కాదంటే మాత్రం రెండూ వినిపిస్తాయి, ఫొస్సె రాసినా తప్పు పట్టరు.

"స్పేరొ కె ఫొస్సె" ఇంకో రకం పొరపాటు. బయటి క్రియ "స్పేరొ" వర్తమానం, వెనక్కి లాగేది ఏదీ లేదు. "స్పేరొ కె సీయ పొస్సీబిలె". ఇంపెర్ఫెత్తొ కొత్తగా నేర్చుకున్న రోజుల్లో ఈ తప్పు ఎక్కువవుతుంది. ఇది నేర్చుకుంటున్నారనడానికి గుర్తే తప్ప వెనకబాటు కాదు. వెంటనే "సీయ, ఫొస్సె" రెండింటినీ పక్కపక్కన పెట్టి సాధన చేయిస్తే నెమ్మదిస్తుంది.

రెండో వాక్యం: కర్త ఒక్కరే అయితే

"నాకు అర్థమైందనుకున్నాను." తెలుగులో కర్త ఎవరైనా "అని" ఒక్కటే: నేను ఓడిపోతాననుకున్నాను, నువ్వు ఓడిపోతావనుకున్నాను. ఇటాలియన్‌లో అనుకున్నదీ చేసిందీ ఒకరే అయితే "కె" వాక్యం వద్దు, "ది" పెట్టి క్రియ మూలరూపం: "క్రెదేవొ ది అవేర్ కపీతొ తుత్తొ". "కె ఈయొ అవెస్సి కపీతొ" అని కొంజుంతీవొ పెట్టి దిద్దినా పొసగదు. "వొర్రెయ్ కె ఈయొ వెనిస్సి" అని రాసేవాళ్లున్నారు. అది "వొర్రెయ్ వెనీరె", "ది" కూడా అక్కర్లేదు. కొంజుంతీవొ గురించి ఆలోచించే ముందే "ఇద్దరున్నారా, ఒక్కరేనా" అని అడగాలి. ఒక్కరే అయితే అక్కడికి పని అయిపోయినట్టే.

మూడు, ఆరు, ఏడు

మూడోది సూక్ష్మమైనది. "కె అవేవ దూయె కామెరె" వ్యాకరణం ప్రకారం తప్పు కాదు, అర్థం వేరు. ఫలానా ఇల్లు ఉంది, దానికి రెండు గదులు, దాని అడ్రసు వెతుకుతున్నాను అన్నట్టవుతుంది. ఎక్కడుందో, అసలుందో లేదో తెలియని ఇల్లు అయితే "కె అవెస్సె". తెలుగులో "రెండు గదులున్న ఇల్లు" రెండింటికీ సరిపోతుంది. అనుమానం వస్తే తెలుగులో "ఉండే" పెట్టి చూడండి. "రెండు గదులుండే ఇల్లు ఏదైనా" అని పొడిగించగలిగితే కొంజుంతీవొ.

ఆరోది, "కోమె సె", తడబడాల్సిన పనే లేదు. దీని తర్వాత వర్తమానం ఎప్పుడూ రాదు. పోలిక అప్పటిదే అయితే ఇంపెర్ఫెత్తొ, ముందు జరిగినట్టు చెప్పాలంటే త్రపస్సాతొ. బయట "పార్ల" అని వర్తమానం ఉన్నా సరే "కోమె సె ఈయొ ఫొస్సి ఊన బంబీన". తెలుగూ ఇదే పని చేస్తుంది చూడండి: "చిన్నపిల్లనైనట్టు మాట్లాడతాడు". మాట్లాడేది ఇప్పుడు, "అయిన" మాత్రం భూత రూపం. ఇక్కడ "ఈయొ" ఉంచడం అవసరం. నేను, నువ్వు రెండింటికీ ఫొస్సి ఒకటే. తెలుగులో, మామూలు ఇటాలియన్‌లో క్రియ చివర చూసి కర్త తెలుస్తుంది కాబట్టి సర్వనామం వదిలేస్తాం. ఈ రూపంలో అలా వదిలేస్తే చదివేవాళ్లు ఎవరి గురించో వెతుక్కోవాలి.

ఏడోది కంఠస్థం చేసే వ్యవహారం. ప్రీమ కె (ముందే), సెన్త్స కె (లేకుండా), బెంకె (అయినా సరే), పుర్కె (అనే షరతు మీద), అఫ్ఫింకె (అయ్యేలా) వెనక కొంజుంతీవొ వస్తుంది. బయట భూతకాలం ఉంటే ఇంపెర్ఫెత్తొ: "ఒ పగాతొ ప్రీమ కె ఫినిస్సె ఇల్ మేసె".

నాలుగో వాక్యం: "ఉంటే" అనే ఒక్క మాట

"సె అవ్రెయ్ సపూతొ" ఎందుకు వస్తుంది? కొందిత్సియొనాలె అంటే షరతు రూపం అని పేరు. పేరు చూసి, షరతు చెప్పే "సె" పక్కనే అది ఉండాలనుకోవడం సహజం. నిజానికి అది షరతులో ఉండదు, షరతు నెరవేరితే జరిగే ఫలితంలో ఉంటుంది. ఊహ చెప్పే వాక్యంలో "సె" పక్కన కొంజుంతీవొ, ఫలితంలో కొందిత్సియొనాలె. "సె" పక్కన అవ్రెయ్, సరెయ్, వొర్రెయ్ కనిపిస్తే ఎర్ర గీత గీయాల్సిందే. ఒక్క మినహాయింపు: ఆ "సె" షరతు కాక ప్రశ్న అయితే. "నొన్ సొ సె వెర్రెబ్బె" (వస్తాడో రాడో తెలియదు) తప్పు కాదు.

రెండో సగంలోని "నొన్ ఫిర్మావొ" అచ్చంగా తెలుగు నుంచి వచ్చింది. "రోజూ సంతకం పెట్టేదాన్ని" అంటే అలవాటు, "తెలిసుంటే పెట్టేదాన్ని కాదు" అంటే జరగని ఊహ. రెండింటికీ "పెట్టేదాన్ని" ఒకటే. అలవాటుకు ఫిర్మావొ అని నేర్చుకున్నారు, ఊహకూ అదే వాడారు. చిత్రంగా ఇటాలియన్లు కూడా మాటల్లో "సె లొ సపేవొ, నొన్ ఫిర్మావొ" అంటారు, ఎవరూ నొసలు చిట్లించరు. పరీక్ష రాతలో, మర్యాద మెయిల్‌లో మాత్రం "సె అవెస్సి సపూతొ లె స్పేసె, నొన్ అవ్రెయ్ ఫిర్మాతొ" అనే రాయాలి.

తెలుగులో "ఉంటే"కు కాలం లేదు, పురుష లేదు. భారమంతా చివరి క్రియ మోస్తుంది:

టైం ఉంటే వస్తాను: సె ఒ తెంపొ, వెంగొ.
(ఇప్పుడు) టైం ఉంటే వచ్చేదాన్ని: సె అవెస్సి తెంపొ, వెర్రెయ్.
(నిన్న) టైం ఉంటే వచ్చేదాన్ని: సె అవెస్సి అవూతొ తెంపొ, సరెయ్ వెనూత.

రెండో, మూడో తెలుగు వాక్యాలకు తేడా బ్రాకెట్లలోని మాటే. కాబట్టి రాసేముందు తెలుగు వాక్యానికి "ఇప్పుడు" లేదా "నిన్న" తగిలించడం తప్పనిసరి అలవాటు చేయాలి. "ఇప్పుడు" అతికితే ఇంపెర్ఫెత్తొ, "నిన్న" అతికితే త్రపస్సాతొ. షరతు నిన్నటిది, ఫలితం ఇప్పటిది అయితే దేని లెక్క దానిదే: "సె అవెస్సి లెత్తొ ఇల్ కొంత్రత్తొ, ఓర సరెయ్ త్రంక్విల్ల" (ఒప్పందం చదివుంటే ఇప్పుడు నిశ్చింతగా ఉండేదాన్ని).

ఇంపెర్ఫెత్తొ అంటే భూతమే అనుకుని "రేపు" ఉన్న వాక్యంలో వాడడానికి జంకుతారు. "సె వెనిస్సి దొమాని" (రేపు వచ్చావంటే) చక్కని వాక్యం. తెలుగు మాటనే చూడండి, "రేపు వచ్చావంటే", "రేపు వచ్చావనుకో". జరగబోయేదాన్ని ఊహగా చెప్పడానికి మనమూ "వచ్చావు" అనే అంటున్నాం.

ఐదో వాక్యం: వొర్రెయ్

"వోల్యొ కె లెయ్ మి రిస్పొంద" సరైన వాక్యమే, కానీ గద్దించినట్టుంటుంది. మర్యాద కోసం వోల్యొను (కావాలి) వొర్రెయ్ (అయితే బాగుండు) చేశారు, లోపలి క్రియను అలాగే వదిలేశారు. వొర్రెయ్ మాట్లాడేది ఇప్పటి కోరిక గురించే అయినా లోపల ఇంపెర్ఫెత్తొ కావాలి: "వొర్రెయ్ కె లెయ్ మి రిస్పొందెస్సె". తెలుగు అర్థం దగ్గరే కారణం దొరుకుతుంది. "మీరు జవాబిస్తే బాగుండు" అన్నప్పుడు మనం "ఇస్తే" అంటున్నాం. కోరిక ఊహలోకి జారింది. "సె రిస్పొందెస్సె" అన్నప్పటి రూపమే ఇక్కడా వచ్చిందనుకుంటే మరిచిపోరు.

ఇదే దారిలో నడిచేవి: మి ప్యచెరెబ్బె కె (అయితే నాకిష్టం), ప్రెఫెరిరెయ్ కె (అయితే నాకు నయం), సరెబ్బె మెల్యొ కె (అయితే మేలు), బిసొన్యెరెబ్బె కె (అవాల్సి ఉంటుంది). "అవ్రెయ్ వొలూతొ కె లెయ్ మి రిస్పొందెస్సె" (మీరు జవాబిచ్చుంటే బాగుండేది) కూడా. కోరిక కాని కొందిత్సియొనాలెకు ఈ నియమం వర్తించదు: "నొన్ దిరెయ్ కె సీయ కారొ" (ఖరీదని అనను). ఇక్కడ ఫొస్సె పెడితే పొసగదు.

"మీరు"తో ఇంకో చిక్కు. తెలుగులో ఒక్కరికి మర్యాదగా, పదిమందికి మామూలుగా "మీరు" ఒకటే, క్రియ కూడా ఒకటే. ఆ లెక్కన యజమానురాలికి "వొర్రెయ్ కె మి రిస్పొందెస్తె" అని బహువచనం రాసేస్తారు. ఇటాలియన్ మర్యాద "లెయ్" ప్రథమ పురుష ఏకవచనం. మర్యాద మెయిల్ అంతా "స్సె"తో నడవాలి: రిస్పొందెస్సె, దెస్సె, ఫొస్సె. "స్తె" కనిపించిందంటే ఎదుట ఒకరికంటే ఎక్కువమంది ఉండాలి.

ఉపవాక్యం కాకుండా ఒంటరిగా వచ్చే వాడుకలు ఈ మెయిల్‌లో లేవు, కానీ వినిపిస్తాయి. "మగారి వెనిస్సె!" (వస్తే ఎంత బాగుండు), "సపెస్సి!" (నీకేం తెలుసు, తెలిస్తే!), "కె ఫొస్సె మలాతొ?" (ఒంట్లో బాగాలేదేమో). దక్షిణ ఇటలీలో, ముఖ్యంగా సిసిలీలో, "వెనిస్సె, వెనిస్సె" అని ఇంట్లోకి పిలుస్తుంటారు. రండి రండి అన్న మర్యాద. ప్రామాణిక ఇటాలియన్‌లో అక్కడ "వెంగ" రావాలి. విని నవ్వుతూ లోపలికి వెళ్లండి, పరీక్షలో రాయకండి.

దిద్దే వరస

విద్యార్థి తన రాతను తానే దిద్దుకునేటప్పుడు ప్రతి క్రియ దగ్గర ఈ క్రమంలో ఆగాలి. కర్తలు ఇద్దరా, ఒక్కరా? ఒక్కరే అయితే మూలరూపం. ఇద్దరైతే, బయటి మాట నిశ్చయమా, అభిప్రాయమా, కోరికా, లేక ప్రీమ కె లాంటి సంధాయకమా? నిశ్చయమైతే ఇందికతీవొ (ఉన్నది ఉన్నట్టు చెప్పే మామూలు రూపం). కాకపోతే, బయటి క్రియ భూతమా, కోరిక చెప్పే కొందిత్సియొనాలెనా? వర్తమానమైతే సీయ. భూతమైతే తెలుగు "అని" ముందున్న కాలం చూసి మూడింట్లో ఒకటి. కోరిక చెప్పే కొందిత్సియొనాలె అయితే ఇంపెర్ఫెత్తొ. "సె", "కోమె సె" ఉంటే ఈ వరస పక్కనపెట్టి "ఇప్పుడా, నిన్ననా" పరీక్ష. వరస తారుమారు చేయొద్దు. చాలామంది కాలం దగ్గర మొదలుపెడతారు, అందుకే రెండో వాక్యం లాంటివి దిద్దిన తర్వాత కూడా తప్పుగానే మిగులుతాయి.

పది రోజుల సాధన, రోజుకు 25 నిమిషాలు చాలు. మొదటి రెండు రోజులు 12 క్రియలు, ఆరుగురికీ, పైకి చదువుతూ: పర్లారె, క్రెదెరె, దొర్మీరె, ఫినీరె, అవేరె, ఫారె, దీరె, బేరె, వెనీరె, ఎస్సెరె, దారె, స్తారె. మొత్తం 72 రూపాలు. "నేను" రూపం ఒక్కటే బట్టీ పట్టి ఆగిపోతే "స్సిమొ, స్సెరొ" ఊనిక ఎప్పటికీ కుదరదు. మూడు, నాలుగు రోజుల్లో ఐదు క్రియలతో "అని" వాక్యాలు, లోపల మూడు కాలాలు, బయట రెండు, మొత్తం 30. ఐదు, ఆరు రోజుల్లో "ఇప్పుడు" వాక్యాలు 10, "నిన్న" వాక్యాలు 10. ఏడో రోజు వొర్రెయ్ కుటుంబం. ఎనిమిదో రోజు పూర్తిగా సపేవొ, స్పేరొ లాంటి, ఇంపెర్ఫెత్తొ కొంజుంతీవొ రాకూడని వాక్యాలకే కేటాయించాలి. ఈ రోజును ఎగ్గొడితే తొమ్మిదో వాక్యం లాంటివి మొలుస్తూనే ఉంటాయి. తొమ్మిదో రోజు మెయిల్ రాసి పైవరసలో దిద్దుకోవడం, పదో రోజు దిద్దిన కాగితం మూసేసి అదే మెయిల్ మళ్లీ రాయడం.

దిద్దిన మెయిల్

పెన్సావొ కె ఇల్ రిస్కల్దమెంతొ ఫొస్సె ఇంక్లూసొ. క్రెదేవొ ది అవేర్ కపీతొ తుత్తొ. చెర్కావొ ఊన కాస కె అవెస్సె దూయె కామెరె. సె అవెస్సి సపూతొ లె స్పేసె, నొన్ అవ్రెయ్ ఫిర్మాతొ. వొర్రెయ్ కె లెయ్ మి రిస్పొందెస్సె. ఇల్ విచీనొ మి పార్ల కోమె సె ఈయొ ఫొస్సి ఊన బంబీన. ఒ పగాతొ ప్రీమ కె ఫినిస్సె ఇల్ మేసె. సె మి దెస్సె ల కోప్య దెల్ కొంత్రత్తొ, లె సరెయ్ గ్రాత. స్పేరొ కె సీయ పొస్సీబిలె. సపేవొ కె ఇల్ కొంత్రత్తొ ఏర ది ఉన్ అన్నొ. క్వలోర చి ఫొస్సెరొ ప్రొబ్లేమి, మి స్క్రీవ పూరె.

రాసేది పురుషుడైతే "గ్రాత" స్థానంలో "గ్రాతొ", "బంబీన" స్థానంలో "బంబీనొ" (దాని ముందు "ఊన" పోయి "ఉన్"), పై ఉదాహరణల్లోని "సరెయ్ వెనూత" "సరెయ్ వెనూతొ" అవుతాయి. కొంజుంతీవొ రూపాల్లో మాత్రం ఆడ, మగ తేడా లేదు.